వెళ్ళడం సులువే, తిరిగి రావడమే పని: ఎడిటర్ షార్ట్‌కట్ల ప్రాజెక్టు డైరీ

సోమవారం

చేతికి వచ్చిన కోడ్ నేను రాసింది కాదు. సర్వర్ వైపు పైథాన్, తెరల వైపు టైప్‌స్క్రిప్ట్. రాసినవాళ్ళు వేరే జట్లకు వెళ్ళిపోయారు. ఇలాంటి కోడ్‌తో రోజులో ఎక్కువ భాగం చదవడానికే పోతుంది. అది కూడా పైనుంచి కిందికి పుస్తకం చదివినట్టు సాగదు. ఒక ఫంక్షన్‌లోంచి ఇంకోదానిలోకి, అక్కడి నుంచి దాని క్లాసులోకి దూకుతూ పోవాలి. ఆ దూకుడుకు నా చేతులు అందుకోవడం లేదని కొంతకాలంగా చిరాకుగా ఉంది. అందుకే ఈ పని మొదలుపెట్టాను: వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కోడ్ వెంట తిరగడానికి వాడే షార్ట్‌కట్లను నా చేతులకు తగినట్టు మార్చుకోవడం, ఏది ఎందుకు మార్చానో ఇక్కడ రాసిపెట్టుకోవడం. యంత్రం లినక్స్ ల్యాప్‌టాప్. కీబోర్డు దానితో వచ్చిందే.

హద్దులు ముందే గీసుకున్నాను. విమ్ మోడ్, అంటే విమ్ అనే పాత ఎడిటర్ కీల పద్ధతి, దాని జోలికి పోను. దాని మీద నాకు గౌరవం ఉంది, కానీ అది రాసే పద్ధతి మొత్తాన్ని మార్చేస్తుంది. నాకు కావలసింది అంత పెద్ద మార్పు కాదు. కొత్త ఎక్స్‌టెన్షన్లు కూడా వేయను. ఎడిటర్‌లో ఇప్పటికే ఉన్న కమాండ్లకు కొత్త కీలు, అంతే.

కీలు మార్చే ముందు చేతులు ఏం చేస్తున్నాయో చూడాలి. దీనికి ఎడిటర్‌లోనే ఒక సాధనం ఉంది. పాఠాలు చెప్పేవాళ్ళ కోసమే అనుకుని చాలామంది దాన్ని ముట్టుకోరు: స్క్రీన్‌కాస్ట్ మోడ్. కమాండ్ ప్యాలెట్‌లో, అంటే కమాండ్లను పేరుతో వెతికి నడిపే గడిలో, ఆ పేరు కొట్టి ఆన్ చేస్తే, నొక్కిన ప్రతి కీ తెర మీద పెద్దగా కనబడుతుంది, మౌస్ క్లిక్ చేసిన చోట ఒక వలయం మెరుస్తుంది. దాన్ని పెట్టుకుని మామూలుగా పని చేస్తూ తెరను రికార్డు చేశాను. సాయంత్రం ఆ వీడియోను వేగం పెంచి చూశాను.

నేను ఊహించింది ఒకటి, కనబడింది ఇంకొకటి. ఫైలు తెరవడానికి కంట్రోల్ + పీ, నిర్వచనానికి, అంటే ఒక ఫంక్షన్‌నో పేరునో అసలు రాసిన చోటుకు, ఎఫ్12. వెళ్ళేటప్పుడు వేళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. వలయాలు గుంపుగా మెరుస్తున్నది వెళ్ళిన తర్వాత. ఎక్కడి నుంచి వచ్చానో వెతుక్కుంటూ పైన ట్యాబుల మీద ఒక్కొక్కటిగా క్లిక్ చేస్తున్నాను, స్క్రోల్ చేస్తున్నాను, మళ్ళీ ఇంకో ట్యాబ్. మౌస్ పట్టుకున్న సందర్భాల్లో సగానికి పైగా ఈ తిరుగు ప్రయాణాలవే. కాబట్టి ఈ ప్రాజెక్టు దిశ మారింది. వేగంగా వెళ్ళడం సంగతి తర్వాత. ముందు సరిగ్గా తిరిగి రావాలి.

మంగళవారం

ఎడిటర్‌తో పాటు వచ్చే కీలను ఒకసారి తిరగేశాను. కంట్రోల్ + కె, వెంటనే కంట్రోల్ + ఎస్ నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. పట్టికలోని వెతుకు గడి పక్కన కీలను రికార్డు చేసే బొత్తాం ఉంది. దాన్ని నొక్కి ఏ కీ కలయిక నొక్కినా అది ఏ కమాండ్‌కు కట్టి ఉందో చూపిస్తుంది. ఖాళీగా ఉన్న కలయికలు వెతుక్కోవడానికి ఇదే తేలిక మార్గం.

వెనక్కి వెళ్ళే కమాండ్‌కు లినక్స్‌లో ఇచ్చిన కీ కంట్రోల్ + ఆల్ట్ + హైఫన్. ముందుకు వెళ్ళడానికి కంట్రోల్ + షిఫ్ట్ + హైఫన్. విండోస్‌లో ఇవే ఆల్ట్ + ఎడమ బాణం, ఆల్ట్ + కుడి బాణం. బ్రౌజర్‌లో అలవాటైనవే కాబట్టి గుర్తుంటాయి. లినక్స్ జంట మాత్రం గుర్తుండదు, గుర్తున్నా వేళ్ళకు అందదు. మూడు కీలకు రెండు చేతులూ స్థానం వదిలి కదలాలి. మౌస్ వైపు చెయ్యి ఎందుకు పోతోందో దీన్ని చూస్తేనే అర్థమవుతుంది.

ఎఫ్12 గురించి కూడా ఒక మాట. ల్యాప్‌టాప్‌లలో పై వరుస కీలు ధ్వని, వెలుతురు తగ్గించే పనులతో పంచుకుంటాయి. ఎఫ్ఎన్ కీ స్థితిని బట్టి ఎఫ్12 ఒక్కోసారి నిర్వచనానికి తీసుకెళుతుంది, ఒక్కోసారి ఇంకేదో చేస్తుంది. పైగా చూడకుండా నొక్కగలిగే కీ కాదు. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు ఉన్నది చూపుడు వేళ్ళు చూడకుండానే తమ చోటు కనిపెట్టడానికి. ఎక్కువగా వాడేవన్నీ ఆ గీతల చుట్టుపక్కలే ఉండాలి.

ఎడమ బొటనవేలు ఆల్ట్ మీద, కుడి చేతి వేళ్ళు ఉన్నచోటే. ఇదీ పథకం. ఆల్ట్ + అక్షరం అంటే మెనూలతో పేచీ వస్తుంది. ఆల్ట్ + ఎఫ్ ఫైల్ మెనూ తెరుస్తుంది; ఇ, ఎస్, వీ, జీ, ఆర్, టీ, హెచ్‌లదీ అదే సంగతి. కుడి చేతి కింద ఉండే యు, ఐ, ఓ, జె, కె, ఎల్ అక్షరాలు మాత్రం ఏ మెనూకూ చెందవు. అదృష్టమనే చెప్పాలి.

కాగితం మీద గీసుకున్న అమరిక ఇది. మధ్యవేలి పైనున్న ఐ నిర్వచనానికి. దానికి ఎడమన యు వెనక్కి, కుడివైపు ఓ ముందుకు. ఐ కిందే ఉన్న కె తొంగిచూడటానికి. అంటే నిర్వచనాన్ని అక్కడికక్కడే చిన్న కిటికీలో చూపే పీక్ కమాండ్. యు కిందే ఉన్న జె చివరిసారి మార్పు చేసిన చోటుకు. ఎల్ ఈ ఫైలులోని సింబల్స్ (ఫంక్షన్లు, క్లాసుల లాంటి పేర్లు) జాబితాకు, దాని పక్కన సెమీకోలన్ మొత్తం ప్రాజెక్టులోని సింబల్స్‌కు. చూపుడు వేలిది తిరిగొచ్చే పని, మధ్యవేలిది లోపలికి వెళ్ళే పని. నోటితో చెప్పుకోగలిగితే వేళ్ళకు త్వరగా వస్తుందని నా నమ్మకం.

బుధవారం

ఈ రోజంతా ఒక్క యు కీ మీదే గడిచింది. గడవాల్సిందే.

మొదట దాన్ని మామూలు గో బ్యాక్ కమాండ్‌కు కట్టి ఒక బగ్ వెంట నడిచాను. ఇన్వాయిస్ మొత్తంలో చివరి పైసలు తేడాగా వస్తున్నాయి. వచ్చిన అభ్యర్థనలను తగిన ఫంక్షన్‌కు పంపే రూట్ ఫైలులో ఇన్వాయిస్ తయారుచేసే ఫంక్షన్ మీద కర్సర్ పెట్టి ఆల్ట్ + ఐ. సర్వీస్ ఫైలు తెరుచుకుంది. అందులో పన్ను లెక్కించే ఫంక్షన్ మీద మళ్ళీ ఆల్ట్ + ఐ. మూడో ఫైలు. అక్కడ అంకెలను సరిచేసే ఫంక్షన్, దాని పైన ఒక స్థిరాంకం, కింద ఇంకో రెండు సహాయక ఫంక్షన్లు. ఆ ఫైలులో పైకీ కిందికీ తిరిగి, కొన్నిచోట్ల కర్సర్ పెట్టి చదివాను. దశాంశ అంకెలను ఒకచోట ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌గా, ఇంకోచోట కచ్చితంగా దాచే డెసిమల్‌గా పట్టుకున్నారు. సరే, ఇప్పుడు సర్వీస్ ఫైలులో నేను బయల్దేరిన పంక్తికి పోవాలి. ఆల్ట్ + యు నొక్కాను. అదే ఫైలులో స్థిరాంకం దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ నొక్కాను. సహాయక ఫంక్షన్ దగ్గరికి. మళ్ళీ. ప్యాసింజరు బండి ప్రతి స్టేషనులో ఆగినట్టు ఆగుతూ వచ్చింది.

కారణం ఆ చరిత్ర తయారయ్యే తీరులో ఉంది. ఫైలు మారినప్పుడే కాదు, ఒకే ఫైలులో కర్సర్ సుమారు పది పంక్తులకు మించి జరిగినా ఎడిటర్ దాన్ని ఒక మజిలీగా రాసుకుంటుంది. మజిలీలన్నీ ఒకే వరుసలో ఉంటాయి. నాకేమో ఆగిన ప్రతి చోటూ అక్కర్లేదు. ఏ పంక్తి నుంచి ఎగిరానో ఆ పంక్తి కావాలి.

షార్ట్‌కట్ల పట్టికలో గో బ్యాక్ అని వెతికితే, కీ ఏదీ ఇవ్వకుండా వదిలేసిన తోబుట్టువులు కొన్ని కనబడ్డాయి. గో బ్యాక్ ఇన్ ఎడిట్ లొకేషన్స్ మార్పులు చేసిన చోట్ల వెంటే వెనక్కి నడుస్తుంది. గో బ్యాక్ ఇన్ నావిగేషన్ లొకేషన్స్ మాత్రం నిర్వచనానికో, వాడుకలకో దూకిన చోట్ల వెంట నడుస్తుంది. నాకు కావలసింది సరిగ్గా ఆ రెండోది. యు కీని దానికి కట్టి అదే బగ్ వెంట మళ్ళీ నడిచాను. మూడో ఫైలులో ఎంత తిరిగినా, ఆల్ట్ + యు ఒక్కసారి నొక్కితే సర్వీస్ ఫైలులో పన్ను ఫంక్షన్‌ను పిలిచిన పంక్తి మీద కర్సర్ వచ్చి నిలిచింది. ఇంకోసారి నొక్కితే రూట్ ఫైలు.

ఈ తేడా కొత్తదేమీ కాదు. 1991లో వచ్చిన విమ్‌లో వెనక్కి రావడానికి రెండు దారులు ఉన్నాయి: దూకిన చోట్లన్నిటి జాబితా వెంట వెనక్కి నడిపే కంట్రోల్ + ఓ, ట్యాగ్ (నిర్వచనం ఎక్కడుందో చెప్పే సూచిక) ద్వారా నిర్వచనానికి వెళ్ళినప్పుడు ఆ ట్యాగ్‌ల దొంతర నుంచి ఒక మెట్టు దింపే కంట్రోల్ + టీ. ఈమ్యాక్స్ అనే ఇంకో పాత ఎడిటర్‌లో నిర్వచనానికి వెళ్ళేది మెటా (మామూలుగా ఆల్ట్) + చుక్క, తిరిగి వచ్చేది మెటా + కామా. పక్కపక్క కీలు. రాకపోకలను జంటగా చూడాలని ఆ అమరిక చేసినవాళ్ళకు తెలుసు. కొత్త ఎడిటర్లు వెళ్ళే కీని చేతికి అందేలా పెట్టి, వచ్చే కీని మూలన పడేశాయన్నది నా అభిప్రాయం.

మామూలు గో బ్యాక్‌ను పూర్తిగా వదల్లేదు. షిఫ్ట్ + ఆల్ట్ + యు ఇచ్చాను. ఒకే పొడవాటి ఫైలులో తిరిగేటప్పుడు అదే పనికొస్తుంది.

గురువారం

నిబంధనలు రాసే రోజు. పట్టికలో మౌస్‌తో మార్చవచ్చు గానీ, ఆ అమరికలను దాచే జేసన్ ఫైలులో నేరుగా రాయడం నాకు ఇష్టం. ఆ ఫైలులో వ్యాఖ్యలు కూడా ఒప్పుకుంటుంది కాబట్టి ప్రతి నిబంధన పైన కారణం రాసుకోవచ్చు. ఒక్కో నిబంధనలో కీ, కమాండ్, వెన్ అని గడులుంటాయి. మొదటి రెండూ అందరూ రాస్తారు. అసలు సత్తా మూడోదానిలో ఉంది: ఏ పరిస్థితిలో ఈ కీ పనిచేయాలి అనే షరతు.

ఉదాహరణకు ఎల్ కీ. ఫైలులో ఏదైనా వెతికేటప్పుడు ఆల్ట్ + ఎల్ ఎంపిక చేసిన భాగంలోనే వెతుకు అనే మీటను తిప్పుతుంది. అది నేను వాడతాను, పోగొట్టుకోలేను. ఇక్కడ ఎడిటర్‌ఫోకస్, ఎడిటర్‌టెక్స్ట్‌ఫోకస్ అనే రెండు షరతుల మధ్య తేడా అక్కరకు వచ్చింది. మొదటిది ఎడిటర్‌లో ఎక్కడ ఉన్నా, వెతుకు గడిలో ఉన్నా నిజమే. రెండోది కర్సర్ కోడ్‌లోనే మెరుస్తున్నప్పుడు మాత్రమే నిజం. నా నిబంధనకు రెండోది పెట్టాను. కోడ్‌లో ఉంటే ఆల్ట్ + ఎల్ సింబల్స్ చూపిస్తుంది, వెతుకు గడిలో ఉంటే పాత పనే చేస్తుంది. రెండు కాపురాలూ చల్లగా ఉన్నాయి.

టెర్మినల్‌దీ, అంటే ఎడిటర్‌లోనే ఆదేశాలు కొట్టే పలకదీ, ఇలాంటి కథే. అందులో నడిచే బాష్‌లో ఆల్ట్ + యు కర్సర్ తర్వాతి పదాన్ని పెద్దక్షరాల్లోకి, ఆల్ట్ + ఎల్ చిన్నక్షరాల్లోకి మారుస్తాయి. యు కీకి ఎడిటర్‌టెక్స్ట్‌ఫోకస్ పెడితే టెర్మినల్‌కు హాని లేదు గానీ, పక్క పట్టీలో ఫైళ్ళ జాబితా మీద ఉన్నప్పుడు వెనక్కి రాలేను. అందుకని దానికి మాత్రం టెర్మినల్‌లో లేనప్పుడు అనే షరతు ఇచ్చాను.

కె కీ కొంచెం ఆలోచింపజేసింది. పీక్ కిటికీ తెరిచాక మూయడానికి ఎస్కేప్ నొక్కాలి; అది కీబోర్డు మూలన ఉంది. తెరిచిన కీతోనే మూస్తే బాగుంటుంది. ఒకే కీకి రెండు నిబంధనలు రాశాను: మొదటిది పీక్ తెరిచేది, దాని కింద, కిటికీ తెరిచి ఉంటే మూసేది. వరుస ముఖ్యం. ఎడిటర్ నిబంధనలను కింది నుంచి పైకి చూస్తుంది, కీ, షరతు రెండూ కుదిరిన మొదటి నిబంధన దగ్గర ఆగిపోతుంది. అందువల్ల ప్రత్యేక సందర్భం కింద ఉండాలి, సాధారణ సందర్భం పైన ఉండాలి. మన నిబంధనలు ఎడిటర్‌తో వచ్చిన వాటి తర్వాత చేరతాయి కాబట్టే అవి గెలుస్తాయి.

ఇప్పుడు కెతో తెరిచి, చదివి, కెతోనే మూసేస్తున్నాను. చిన్న ఫంక్షన్లకు అసలు ప్రయాణమే లేదు. తిరిగి రావలసిన అవసరమే లేకుండా చేసేది అన్నిటికంటే మంచి తిరుగు దారి.

సెమీకోలన్‌కు ఒక జాగ్రత్త తీసుకున్నాను. వ్యాఖ్యలు తెలుగులో రాసేటప్పుడు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కు మారతాను, అందులో ఆ కీ చ అక్షరానిది. కీ పేరును చదరపు బ్రాకెట్లలో రాస్తే, ఎడిటర్ ఆ కీ ఏ అక్షరం పలుకుతోందో పట్టించుకోకుండా అది కీబోర్డు మీద ఉన్న చోటును బట్టి గుర్తిస్తుంది. లేఅవుట్లు మార్చుకుంటూ రాసేవాళ్ళకు ఈ పద్ధతి తెలిసి ఉండాలి.

శుక్రవారం

ఆల్ట్ + ఓ మూగబోయింది. నొక్కితే ఏమీ జరగడం లేదు.

ఇలాంటప్పుడు జేసన్ ఫైలును పదేపదే చదవడం వల్ల ఉపయోగం లేదు. కమాండ్ ప్యాలెట్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్ అనే మీట ఉంది. దాన్ని తిప్పితే అవుట్‌పుట్ పలకలో ప్రతి కీ ఎలా అందిందో, ఏ కమాండ్‌కు చేరిందో పంక్తులుగా వస్తుంది. ఆ పంక్తులను చదివే పద్ధతి తేలికే. కీ వచ్చింది, వేరే కమాండ్ నడిచిందంటే నిబంధనల మధ్య తగవు. కీ వచ్చింది గానీ ఏ నిబంధనా కుదరలేదంటే వెన్ షరతు తప్పిపోయింది. ఏ పంక్తీ రాలేదంటే ఆ కీ ఎడిటర్ దాకా రానే లేదు. నాకు ఆల్ట్‌కు పంక్తి వచ్చింది, ఓకు రాలేదు. డెస్క్‌టాప్ అమరికల్లో చూస్తే, విండోలు సర్దే ఒక ఉపకరణం ఆ కలయికను ముందే పట్టేసుకుంటోంది. అక్కడ తీసేశాను, ఇక్కడ పలికింది.

అదే రోజు కొన్నిటిని తొలగించాను కూడా. కమాండ్ పేరుకు ముందు మైనస్ గుర్తు పెడితే ఆ కీ నుంచి ఆ కమాండ్ ఊడిపోతుంది. ఎఫ్12 నుంచి నిర్వచనాన్ని ఇలా ఊడదీశాను. కొత్త కీ ఇచ్చి పాతదాన్ని అలాగే ఉంచితే వేళ్ళు పాతదానికే పోతాయి. పాతది పలకకపోతేనే కొత్తది వెతుక్కుంటాయి. రెండు పూటలు విసుగ్గానే గడిచాయి, తర్వాత వేలు ఎఫ్12 వైపు లేవడం మానేసింది. ఇప్పుడు ఎఫ్12ను ఇంప్లిమెంటేషన్‌కు, అంటే ఇంటర్‌ఫేస్‌లో పేరు మాత్రమే ఇచ్చినదాన్ని నిజంగా రాసిన చోటుకు, వెళ్ళే కమాండ్‌కు ఇచ్చాను. టైప్‌స్క్రిప్ట్ ఇంటర్‌ఫేస్‌ల దగ్గర తప్ప దానితో పనిపడదు, మూలన ఉన్నా ఫరవాలేదు.

తర్వాతి వారం

ఐ కీ అన్నిచోట్లా పనిచేయదు, చేయలేదు కూడా. నిర్వచనం ఎక్కడుందో ఎడిటర్‌కు చెప్పేది ఆ భాష తాలూకు లాంగ్వేజ్ సర్వర్, అంటే కోడ్‌ను చదివి అర్థం చేసుకునే విడి ప్రోగ్రామ్. 2016లో ఎడిటర్, సర్వర్ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి అయిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకటించాక ఒకే సర్వర్‌ను చాలా ఎడిటర్లు వాడుకునే వీలు కలిగింది. ఆ సర్వర్‌కు పైథాన్ కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్ ఏదో సరిగ్గా చెప్పకపోతే లైబ్రరీల నిర్వచనాలు దొరకవు. షార్ట్‌కట్‌ను అనుమానించే ముందు కింది పట్టీలో ఇంటర్‌ప్రెటర్ పేరు చూడటం అలవాటు చేసుకున్నాను.

అది సరిగ్గా ఉన్నా, ఈ కోడ్‌లో హ్యాండ్లర్లను, అంటే ఒక్కో పని చేసే ఫంక్షన్లను, వాటి పేరు రాసిన స్ట్రింగ్‌ల (ఉత్త అక్షరాల వరుసల) ద్వారా ఒక డిక్షనరీలోంచి, అంటే పేరుకూ ఫంక్షన్‌కూ జత కలిపే పట్టికలోంచి, పిలుస్తారు. స్ట్రింగ్ మీద ఐ నొక్కితే సర్వర్‌కు ఏం తెలుస్తుంది? అక్కడ మాటను మాటగా వెతకడమే గతి. ఆల్ట్ + ఎన్‌ను అన్ని ఫైళ్ళలో వెతికే కమాండ్‌కు కట్టి, కమాండ్‌కు అదనపు వివరాలిచ్చే ఆర్గ్స్ గడిలో పూర్తి పదమే కావాలి, పెద్ద చిన్న అక్షరాల తేడా పాటించాలి అని రాశాను. దానితో పాటు, ఏదీ ఎంపిక చేయకపోతే కర్సర్ దగ్గరి పదాన్నే వెతుకు గడిలో నింపే అమరికను ఆన్ చేశాను. కర్సర్ హ్యాండ్లర్ పేరు మీద పెట్టి ఆల్ట్ + ఎన్ నొక్కితే ఫలితాలు వస్తాయి. ఎఫ్4తో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవచ్చు. ఫలితాల్లోంచి వెనక్కి రావడానికి షిఫ్ట్ కలిపిన యు, లేదా జె. రాస్తూ రాస్తూ ఏదో చూడటానికి లేచి వెళ్ళినవాడికి జె కంటే మేలైన కీ లేదు.

పట్టికలో ఉన్న ఇంకో పథకాన్ని పక్కన పెట్టేశాను: కంట్రోల్ + కె తర్వాత ఇంకో అక్షరం నొక్కే రెండంచెల కీలు. ఎన్ని కమాండ్లకైనా చోటు దొరుకుతుంది, నిజమే. కానీ కోడ్ చదివేటప్పుడు క్షణానికొకసారి నొక్కే కీకి రెండంచెలు భారం. ఎప్పుడో ఒకసారి వాడేవాటికి అవి సరిపోతాయి, ఇంకా చెప్పాలంటే వాటికి కమాండ్ ప్యాలెట్ చాలు.

స్క్రీన్‌కాస్ట్ మోడ్ పెట్టి మళ్ళీ రికార్డు చేశాను. వలయాలు బాగా తగ్గాయి. మిగిలినవి చాలావరకు ఒక్కచోటివే: తెరను రెండుగా చీల్చి ఎడమన పైథాన్, కుడిన టైప్‌స్క్రిప్ట్ పెట్టుకున్నప్పుడు. ఎడమ పలకలో యు నొక్కితే చరిత్ర ఉమ్మడిది కావడం వల్ల ఒక్కోసారి కర్సర్ కుడి పలకలోకి ఎగిరిపోతోంది. దీనికి నావిగేషన్ స్కోప్ అనే అమరిక ఉంది. దాన్ని ఎడిటర్ గ్రూప్‌కు మారిస్తే ఏ పలక చరిత్ర ఆ పలకదే. ఈ రోజే మార్చాను. సర్వర్ నుంచి తెరకు, తెర నుంచి సర్వర్‌కు ఒకే దూకుడులో పోవలసిన పనుల్లో ఇది అడ్డం పడుతుందేమో చూడాలి. అడ్డం పడితే పాత అమరికకే వెళ్ళి, పలకల మధ్య కర్సర్ మార్చడానికి ఆల్ట్ + ఎం ఇస్తాను. ఆ కీ ఖాళీగానే ఉంది.